పాత క్లారినెట్ కొంటున్నారా.. ముందు శ్రుతి చూసుకోండి

పేరున్న ప్రతి కంపెనీ వాద్యమూ మేళానికి పనికిరాదు
నూరేళ్ల నాటి సైనిక వాద్యాలతో చిక్కు

నారాయణఖేడ్: ముహూర్తాలు ముగిసి మూఢం ప్రవేశించిందంటే బ్యాండు మేళాల వారికి తీరిక కాలం. వాద్యాలు చేతులు మారేది సాధారణంగా ఈ రోజుల్లోనే. అప్పు తీర్చేందుకు ఒకరు క్లారినెట్ అమ్మకానికి పెడతారు. మాఘమాసపు పెళ్లిళ్ల నాటికి కుమారుణ్ని మేళంలో నిలబెట్టాలని మరొకరు అప్పు చేసి కొంటారు. పెట్టె తెరవగానే నల్లని గొట్టం, దానిపై బంగారు రంగు అక్షరాల్లో విదేశీ కంపెనీ పేరు, మెరిసే మీటలు కనిపిస్తాయి. బేరం అక్కడే సగం ముగుస్తుంది. తీరా మేళంలో చేరాక ఆ వాద్యం కీబోర్డుతో గానీ, పక్కనున్న శాక్సోఫోన్‌తో గానీ కలవదు. వాయించే కుర్రవాడికి విద్య రాలేదని మేస్త్రీ విసుక్కుంటాడు. ఆరు నెలలు గడిచాక గానీ, లోపం కుర్రవాడిలో కాక వాద్యంలోనే ఉన్నదని తేలదు. ఈలోగా ఒక సీజను చేజారుతుంది, అప్పుపై వడ్డీ పెరుగుతుంది.

నారాయణఖేడ్ వంటి సరిహద్దు ప్రాంతంలో ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. 2016 అక్టోబరు 11న ఉమ్మడి మెదక్ నుంచి విడివడి సంగారెడ్డి జిల్లాలో చేరిన ఈ డివిజన్‌కు కర్ణాటకలోని బీదర్ జిల్లా పొరుగున ఉంది. తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ వినిపించే ఇటువంటి చోట బారాత్‌లో ఏ భాషలో పాట అడిగినా మేళం అందుకోవలసిందే. పాటను నడిపించేది ప్రధానంగా క్లారినెట్. డోళ్లు, సైడ్ డ్రమ్ములు లయను మోస్తే, పల్లవిని జనం చెవిన వేసేది ఈ వాద్యమే. అది అపశ్రుతి పలికితే దాచడానికి వీలుండదు. దానికి తోడు, మరమ్మతు చేసే పనివారి కోసం హైదరాబాద్ దాకా వెళ్లవలసి వస్తే ఒక రోజు పని పోవడమే గాక దారి ఖర్చులూ తప్పవు. అందువల్ల ఇక్కడి వారు కొనేటప్పుడే జాగ్రత్త పడటం మేలు.

సైన్యం నుంచి పెళ్లి పందిరికి..

క్లారినెట్ పుట్టింది జర్మనీలోని న్యూరెంబర్గ్ నగరంలో. 1700 ప్రాంతంలో యోహాన్ క్రిస్టాఫ్ డెన్నర్ అనే వాద్య నిర్మాత దీనికి రూపమిచ్చినట్లు సంగీత చరిత్రకారులు చెబుతారు. మన దేశానికి ఇది బ్రిటిష్ సైనిక బ్యాండ్లతో వచ్చింది. 19వ శతాబ్దంలోనే దక్షిణాదిన నాట్య మేళాల్లో చోటు సంపాదించుకుంది. తరువాత కచేరీ వేదిక ఎక్కింది. తమిళనాడుకు చెందిన క్లారినెట్ విద్వాంసుడు ఏకేసీ నటరాజన్‌కు 2008లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు దక్కింది. పెళ్లి బారాత్‌లో మోగే వాద్యంగా మాత్రమే దీనిని ఎరిగిన వారికి ఈ సంగతి ఆశ్చర్యం కలిగించవచ్చు.

సన్నాయికీ దీనికీ తేడా ఉంది. సన్నాయి పీకలో రెండు రెల్లు పలకలు ఒకదానితో ఒకటి కొట్టుకుని పలుకుతాయి. క్లారినెట్‌లో ఒకటే రీడు ఉంటుంది. అది మౌత్‌పీస్‌కు అంటి కంపిస్తుంది. సన్నాయిలో గమకం వేలితో, ఊదే ఒత్తిడితో సాగుతుంది. క్లారినెట్‌లో చాలా స్వరాలకు మీటలు ఉంటాయి. ఆ మీటల అమరికే కొనుగోలుదారు తేల్చుకోవలసిన మొదటి విషయం.

రెండు అమరికలు.. ఒకటే పేరు

పాత బజారులో కనిపించే క్లారినెట్లు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది సింపుల్ సిస్టమ్, లేదా ఆల్బర్ట్ సిస్టమ్. సాధారణంగా పదమూడు మీటలు, కింది భాగంలో రెండు ఉంగరాలు ఉంటాయి. రెండోది బోమ్ సిస్టమ్. ఫ్రాన్స్‌కు చెందిన క్లారినెట్ విద్వాంసుడు క్లోసె, వాద్య నిర్మాత లూయీ ఆగస్ట్ బఫే కలిసి రూపొందించిన దీనికి 1844లో పేటెంటు లభించింది. పదిహేడు మీటలు, ఆరు ఉంగరాలు దీని గుర్తు. వేలు ఆనే రంధ్రాల చుట్టూ ఉన్న లోహపు ఉంగరాలను లెక్కపెడితే చాలు, ఏ రకమో అర నిమిషంలో తెలిసిపోతుంది.

నేడు పెద్ద కంపెనీలు అమ్మే విద్యార్థి వాద్యాలు దాదాపు అన్నీ బోమ్ అమరికలోనివే. కర్ణాటక బాణీలో గమకాలు పలికించే వారిలో మాత్రం పాత అమరికను ఇష్టపడే వారు ఉన్నారు. ఉంగరాలు తక్కువగా ఉన్న చోట వేలిని రంధ్రంపై నుంచి మెల్లగా జార్చడం సులువు. రెండింటిలో ఏది గొప్పదన్న వాదన ఎంతకీ తెగదు. నేర్చుకునే వారికి అది అనవసరం కూడా. గురువు ఏ అమరికపై వాయిస్తారో శిష్యుడూ అదే కొనాలి. ఆల్బర్ట్‌పై నేర్పే మేస్త్రీ వద్దకు బోమ్ తీసుకువెళితే చాలా స్వరాల వేళ్లు మారిపోతాయి. ఎంత మంచి కంపెనీ వాద్యమైనా ఈ తేడాను పూడ్చలేదు.

అసలు చిక్కు శ్రుతిలోనే

పేరున్న కంపెనీ వాద్యం కొని నష్టపోయిన వారిలో కొందరి కష్టానికి మూలం ఒక పాత సైనిక అలవాటు. నేడు ప్రపంచమంతటా ‘ఎ’ స్వరానికి సెకనుకు 440 కంపనాలు ప్రమాణం. కీబోర్డులు ఆ లెక్కకే తయారవుతాయి. బ్రిటిష్ సైనిక బ్యాండ్లు దాదాపు నూరేళ్ల క్రితం వరకు అదే స్వరాన్ని 452 దగ్గర పలికించేవి. దానిని ‘హై పిచ్’ అన్నారు. ఆ తేడా అర్ధస్వరంలో ఇంచుమించు సగం. అంటే పాట ఒక మెట్టు పైకీ వెళ్లదు, ఉన్న మెట్టుపైనా నిలవదు. మధ్యలో వేలాడుతుంది. ఎవరు విన్నా ఏదో తేడాగా ఉందంటారు గానీ కారణం చెప్పలేరు.

అటువంటి వాద్యాలపై కొన్నింటికి ఆంగ్లంలో ‘హెచ్‌పీ’ అనే రెండక్షరాలు చెక్కి ఉంటాయి. ‘ఎల్‌పీ’ అని ఉంటే నేటి శ్రుతికి దగ్గరగా ఉండే వాద్యమని అర్థం. అమ్మేవారిలో కొందరు ఈ అక్షరాలను మోడల్ పేరుగా చెప్పుకొంటారు. అక్షరాలు అరిగిపోయి ఉంటే కొలిచి చూడాలి. మామూలు బి-ఫ్లాట్ క్లారినెట్ మౌత్‌పీస్‌తో కలిపి 66 సెంటీమీటర్ల వరకు ఉంటుంది. హై పిచ్ వాద్యం దానికంటే సుమారు రెండు సెంటీమీటర్లు పొట్టి. పొడవు బ్యారెల్ బిగిస్తే సరిపోతుందని అమ్మకందారు నచ్చజెప్పవచ్చు, కానీ అది సరైన పరిష్కారం కాదు. రంధ్రాల మధ్య దూరమంతా ఆ పాత శ్రుతికే తొలిచి ఉంటుంది. పైన గొట్టం సాగదీస్తే పై రంధ్రాల స్వరాలు ఎక్కువగానూ, కింది వాటివి తక్కువగానూ దిగి, వాద్యంలోని స్వరాల మధ్యే పొత్తు చెడుతుంది.

మరో పొరపాటు ‘ఎ’ క్లారినెట్ విషయంలో జరుగుతుంది. పాశ్చాత్య వాద్యబృందాల వారు బి-ఫ్లాట్, ‘ఎ’ రెండూ జంటగా ఉంచుకుంటారు. ఆ జంట విడిపోయి ఒకటి బజారుకు వస్తే చూపులకు గుర్తించడం కష్టం. ‘ఎ’ వాద్యం కొంచెం పొడవు, అర్ధస్వరం కిందుగా పలుకుతుంది. వాద్యంపై ఏ అక్షరం చెక్కి ఉన్నదో చూసుకోవాలి.

వీటన్నిటికీ సులువైన పరీక్ష ఒకటుంది. ఉచితంగా దొరికే ట్యూనర్‌ను సెల్‌ఫోన్‌లో వేసుకుని, 440 ప్రమాణానికి పెట్టి, తెలిసిన కళాకారుడితో ఊదించాలి. బి-ఫ్లాట్ వాద్యంపై ‘సి’ వాయిస్తే ట్యూనర్‌లో బి-ఫ్లాట్, అంటే మన లెక్కలో ఆరున్నర శ్రుతి చూపాలి. ఒక్క స్వరంతో సరిపెట్టక కింది, నడిమి, పై స్థాయిల్లో నాలుగైదు స్వరాలు చూడాలి. వాద్యం చల్లగా ఉన్నప్పుడు కొద్దిగా తక్కువ పలకడం సహజం గనుక అయిదు నిమిషాలు ఊది వెచ్చబడ్డాకే లెక్కలోకి తీసుకోవాలి. మే నెల ఎండలో వేడికి శ్రుతి పెరుగుతుంది. అప్పుడు బ్యారెల్‌ను ఒకటి రెండు మిల్లీమీటర్లు పైకి లాగితే సర్దుకుంటుంది.

చెక్కదే మేలా?

నల్లని చెక్క వాద్యమంటే అందరికీ మోజే. ఖరీదైన క్లారినెట్లను టాంజానియా, మొజాంబిక్ దేశాల్లో పెరిగే గ్రెనడిల్లా అనే ఆఫ్రికా నల్లచెక్కతో చేస్తారు. మన జిట్రేగికి ఇది దగ్గరి చుట్టం, ఒకే ప్రజాతికి చెందిన చెట్టు. నాదం నిండుగా ఉంటుందన్న మాట నిజమే. అయితే ఏసీ గదిలో వాయించే వారికీ, వైశాఖంలో నడిరోడ్డుపై మూడు గంటలు బారాత్ నడిపే వారికీ అవసరాలు ఒకటి కావు. ఎండకు ఆరిన చెక్కలోకి ఊపిరి తడి చేరితే లోపలి వైపు ఉబ్బుతుంది, బయటి వైపు ఉబ్బదు. ఫలితంగా పగులుతుంది. పగులు ఎక్కువగా పై భాగంలోనే, రంధ్రం నుంచి రంధ్రానికి పోతుంది. నిపుణుడు దానిని అతికించగలడు. కానీ పగులు ఉన్నట్టు తెలిసీ పూర్తి ధర ఇవ్వడం తెలివైన పని కాదు.

ఎబొనైట్ అంటే గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరు. పాత వాద్యాల్లో విరివిగా కనిపిస్తుంది. ఎండకు నలుపు పోయి ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగుకు తిరుగుతుంది. అరచేతితో గట్టిగా రుద్ది వాసన చూస్తే గంధకపు వాసన తెలుస్తుంది. చెక్క అని చెప్పి ఎబొనైట్ అంటగట్టే వారిని పట్టుకోవడానికి ఈ ఉపాయం చాలు. రంగు మారినా ధ్వని చెడదు. కింద పడితే మాత్రం విరుగుతుంది.

ఏబీఎస్ ప్లాస్టిక్ వాద్యాన్ని చిన్నచూపు చూడటం మన వారిలో ఉన్న అలవాటు. ఊరేగింపు మేళానికి నిజానికి ఇదే తగినది. ఎండకూ వానకూ పగలదు. ఆటోలో ఊళ్లు తిరిగినా నిలుస్తుంది. చెక్క వాద్యం ధరకు సగం కన్నా తక్కువకు దొరికే మంచి ప్లాస్టిక్ వాద్యాన్ని వదిలి, పగులు పట్టిన చెక్క వాద్యాన్ని కొనడంలో గౌరవం తప్ప లాభం లేదు.

ఏ కంపెనీ ఎటువంటిది?

మేళం కళాకారులు తొలి వాద్యంగా కొనదగిన వాటిలో ముందుగా చెప్పుకోవలసింది జపాన్‌కు చెందిన యమహా. ‘వైసీఎల్’ వరుసలోని 20, 250, 255 మోడళ్లు ప్లాస్టిక్‌వి, విద్యార్థుల కోసం చేసినవి. ఒక వాద్యానికీ మరో వాద్యానికీ తేడా అతి తక్కువగా ఉండటం వీటి గొప్ప. విడి భాగాలు దొరుకుతాయి. తిరిగి అమ్మినా ధర పడిపోదు. తైవాన్ నుంచి వచ్చే జూపిటర్ దీని తరువాతి స్థానంలో నిలుస్తుంది.

ఫ్రాన్స్‌లో 1825లో మొదలైన బఫే క్రాంపాన్ ప్రపంచ వాద్యబృందాల్లో అత్యధికంగా వినిపించే పేరు. 1955 నుంచి వస్తున్న ఆర్13 మోడల్ చేతిలో ఉండటమే ఒక హోదా. అయితే అదే కంపెనీ ముద్రతో బి12 అనే ప్లాస్టిక్ విద్యార్థి వాద్యం, ఇ11 అనే చెక్క వాద్యం కూడా వచ్చాయి. కేవలం ‘బఫే’ అనే పేరు చూసి ఆర్13 ధర చెల్లించే ప్రమాదం ఇక్కడే ఉంది. సెల్మర్ సంగతీ ఇంతే. 1885లో పారిస్‌లో స్థాపితమైన సెల్మర్ ఒకటి, అమెరికాలో ఆ పేరుతో నడిచిన సంస్థ మరొకటి. అమెరికా సెల్మర్ బడి పిల్లల కోసం చేసిన ‘బండీ’ వాద్యాలు మొరటుగా ఉన్నా గట్టివి. లెబ్లాంక్ సంస్థ వారి ‘విటో’ కూడా ఆ కోవకు చెందినదే. తక్కువ ధరకు మంచి స్థితిలో దొరికితే ఈ రెండింటినీ నిస్సంకోచంగా తీసుకోవచ్చు.

బ్రిటన్‌కు చెందిన బూజీ అండ్ హాక్స్ పేరు మన పాత మేళాల వారికి చిరపరిచితం. బూజీ, హాక్స్ అనే రెండు సంస్థలు 1930లో కలిసి ఏర్పడిన కంపెనీ ఇది. ‘రీజెంట్’, ‘ఎడ్జ్‌వేర్’ మోడళ్లు విద్యార్థులకు, ‘ఇంపీరియల్’ వరుస నిష్ణాతులకు ఉద్దేశించినవి. ఇప్పుడు ఈ క్లారినెట్లు తయారు కావడం లేదు గనుక విరిగిన మీటకు బదులు దొరకాలంటే మరో పాత వాద్యాన్ని విప్పవలసిందే. 1930కి పూర్వపు విడి ‘బూజీ’, విడి ‘హాక్స్’ ముద్రలున్న వాద్యాల్లో హై పిచ్ అనుమానం ఎక్కువ. వాటిని ట్యూనర్ పెట్టకుండా కొనరాదు.

మన దేశంలో బ్యాండు వాద్యాల తయారీకి ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ ప్రసిద్ధి. అక్కడి జలీ కోఠీ ప్రాంతం వీధులకు వీధులు ఈ పనిమీదే బతుకుతుంది. 1885లో మొదలైన నాదిర్ అలీ సంస్థ అక్కడిదే. ఇత్తడి వాద్యాల్లో మీరట్ పనితనానికి తిరుగులేదు. క్లారినెట్ విషయంలో మాత్రం ఒక్కో వాద్యం ఒక్కో తీరుగా ఉంటుంది. ఒకే దుకాణంలో ఒకే ధరకు దొరికే మూడింటిలో ఒకటి చక్కగా పలికి, రెండు పలకకపోవచ్చు. చవక గనుక, ఊది చూసి ఏరుకోగల మేస్త్రీ వెంట ఉంటే ఇవి కూడా మంచి బేరమే. ఊరూ పేరూ లేని రంగురంగుల చైనా వాద్యాల్లో మీటల లోహం పెళుసుగా ఉండటం ప్రధాన లోపం. మంచి వాద్యాల మీటలు జర్మన్ సిల్వర్‌తో చేస్తారు. అందులో వెండి లేకపోయినా గట్టితనం ఉంటుంది, వంగితే తిరిగి సరిచేయవచ్చు. నాసిరకం పోత లోహం వంగదు, విరుగుతుంది. విరిగితే సరిగా అతకదు.

చేతితో, కంటితో పరీక్ష

వాద్యాన్ని విడదీసి ఒక్కో గొట్టాన్ని వెలుతురు వైపు పెట్టి లోపలికి చూడాలి. గోడ నునుపుగా, మెరుస్తూ కనిపించాలి. సన్నని గీత కనిపిస్తే పగులని అనుమానించాలి. పై, కింది భాగాలపై సంఖ్యలు చెక్కి ఉంటే అవి రెండూ ఒకటిగా ఉన్నాయా లేదా చూడాలి. వేర్వేరుగా ఉంటే రెండు వాద్యాల ముక్కలు కలిపి ఒకటి చేశారని అర్థం. తిరిగి బిగించి మెల్లగా ఊపితే కీలు కదలరాదు. బెండు అరిగినందువల్ల కదిలితే మార్చుకోవచ్చు. చెక్కే అరిగిపోతే ఖర్చు ఎక్కువ.

గాలి పోతున్నదా అన్నది అన్నిటికంటే ముఖ్యం. పై భాగాన్ని ఒక్కదాన్నే తీసుకుని, రంధ్రాలన్నీ వేళ్లతో మూసి, కింది కొసను అరచేతితో బిగించి, పై నుంచి గాలి పీల్చాలి. నోరు తీసిన తరువాత ఒకటి రెండు క్షణాలు లోపలి ఒత్తిడి నిలిచి చిన్న చప్పుడుతో విడిపోతే ప్యాడ్లు బాగున్నట్టు. పీల్చిన గాలి వెంటనే చేరితే ఎక్కడో కారుతోంది. ఏ ప్యాడ్ వద్ద అన్నది తెలుసుకోవడానికి సన్నని కాగితపు ముక్కను ప్యాడ్ కింద పెట్టి, మీట మూసి, లాగాలి. చుట్టూ ఒకే బిగువు ఉండాలి. ఒక వైపు వదులుగా జారితే ఆ ప్యాడ్ మార్చవలసిందే.

ప్యాడ్లన్నీ మార్చి, బెండు కొత్తది వేయించి, సూది స్ప్రింగులు సరిచేయించే ఖర్చును వాద్యం ధరతో కలిపి చూసుకోవాలి. చవకగా వచ్చిందని కొన్న వాద్యం చివరికి ప్లాస్టిక్ యమహా కన్నా ఖరీదైన సందర్భాలు అరుదు కాదు. అమ్మేవారు ‘చిన్న పని ఉంది’ అన్నప్పుడు ఆ చిన్న పనిని వారినే చేయించి ఇమ్మనడం ఉత్తమం.

మౌత్‌పీస్‌కు విడిగా లెక్క

పాత వాద్యంతో వచ్చే మౌత్‌పీస్‌ను ఉచితంగా వచ్చిందనుకోవాలే తప్ప దానికి ధర కట్టరాదు. రీడు ఆనే అంచు ఏమాత్రం చిట్లినా కీచుమంటుంది. వేడినీళ్లలో కడిగితే ఎబొనైట్ రంగు మారి, ఆకారం వంకర పోతుంది. గోరువెచ్చని నీరే వాడాలి. యమహా 4సీ వంటి విద్యార్థి మౌత్‌పీస్ కొత్తది కొనుక్కుంటే, అదే వాద్యం మారిపోయిందా అనిపిస్తుంది. రీడు రెండు లేదా రెండున్నర నంబరుతో మొదలుపెట్టడం మంచిది. ఎక్కువ నంబరు వాడితే గొప్ప అన్న భ్రమలో మూడున్నర పెట్టుకుని నేర్చుకునే పిల్లల పెదవులు హూనమవుతాయి.

రసీదు లేకుండా వద్దు

హైదరాబాద్‌లోని జుమ్మేరాత్ బజారులోనూ, ఎర్రగడ్డ ఆదివారం సంతలోనూ పాత సామాను అమ్మకానికి వస్తుంది. వాద్యాలు కంటపడితే మోజు పడటం సహజం. అయితే అక్కడ పైన చెప్పిన పరీక్షలన్నీ చేసే వ్యవధి ఉండదు. పైగా సరుకు ఎక్కడిదో తెలియదు. దొంగ సొత్తని తెలిసి గానీ, అలా నమ్మడానికి కారణం ఉండి గానీ కొన్న వారిపై, 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 317వ సెక్షను కింద కేసు పెట్టవచ్చు. పరిచయస్థుల వద్ద కొన్నా సరే, తెల్లకాగితంపై కంపెనీ పేరు, మోడల్, వాద్యంపై ఉన్న సంఖ్య, చెల్లించిన సొమ్ము, తేదీ రాయించి సంతకం తీసుకోవాలి. వారం రోజుల్లో మేళంతో కలిపి వాయించి చూసి, శ్రుతి కలవకపోతే తిరిగి తీసుకుంటామన్న ఒక్క వాక్యం అందులో చేర్చమని అడగాలి. ఆ వాక్యానికి అమ్మేవారు ఒప్పుకోకపోతే బేరం అక్కడితో ఆపి, ఆ మూఢంలోనే మరో వాద్యం కోసం చూడటానికి ఇంకా వ్యవధి ఉంటుంది.